సరాబు చెవి

అలిపిరి మెట్ల కింద, సుంకం చావడి పక్కన
చాప పరిచి కూర్చునేవాణ్ణి.
ఎదుట నల్లరాయి, చిన్న త్రాసు,
ఆ రెంటికన్నా పనికొచ్చేది నా కుడి చెవి.

రూపాయిని రాతి మీద వదిలితే చాలు,
అది ఏ ఊరి కొలిమిలో పుట్టిందో చెప్పేవాణ్ణి.
పుదుచ్చేరి రూపాయికి నెలవంక,
చెన్నపట్నం రూపాయికి తామరపువ్వు.
రెంటి మీదా అదే పాదుషా పేరట.
ఆయన చచ్చి ఎన్నేళ్లయిందో గానీ
ఈ దొరల కొట్లాటలో రోజూ అచ్చవుతున్నాడు.
నాకా లిపి రాదు, రావలసిన పనీ పడలేదు.
నెలవంక కొంచెం ముక్కుతో పలుకుతుంది,
తామర గొంతు దించి మోగుతుంది.
వట్టంలో గవ్వంత తేడా.
ఆ గవ్వల మీదే మా ఇంట్లో సంగటి ఉడికేది.

పెరటాశి రాగానే గోవిందా అంటూ జనం దిగేవాళ్లు,
జనం వెనకే దండు.
ఒక ఏడు కుంపిణీవాళ్ల ఇజారాదారు
చావడి తాళాలు మొలకు కట్టుకుని తిరిగాడు.
మరుసటేడు అవే తాళాలు
పరాసుల జెండా వెంట వచ్చిన ఇంకొకడి మొలకు.
చావడి గోడకు సున్నం మాత్రం ఇద్దరూ కొట్టించలేదు.

స్వామిని తలుచుకుంటే నవ్వొచ్చేది, తప్పే అనుకోండి.
పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు
ఇంకా వడ్డీలోనే నడుస్తోంది ఆయనకు.
పైగా నవాబు బాకీకి జామీను!
కొండ మీద పడిన కాసు
మూటై, బండెక్కి, పట్నం చేరి, సీసమై,
వందవాసి మైదానంలో ఎవడి రొమ్ములోనో తేలేది.
లెక్క కట్టి పంపినవాణ్ణి, నాకు తెలుసు.

ఆ ఏడు స్వర్ణముఖి ఇసకలో ఫిరంగులు దించారు.
మూటలు దాచడానికి నేను పరిగెత్తుతుంటే
మొదటిది పక్కనే పేలింది.
ఎవరిదో తెలీదు.
మంగలి ముత్యాలు ఒక యాత్రికుడి తల సగమే గొరిగి
కత్తితో సహా కపిలతీర్థం దాకా ఉరికాడట,
సగం గుండుతో ఆ మనిషి వెనకాలే ఉరికాడట.
తర్వాత్తర్వాత తెలిసింది ఈ కథ.
ఆనాడు చెప్పినవాళ్ల పెదాలే చూశాను.
వాళ్లు నవ్వారని నేనూ నవ్వాను.

మూడోనాడు చాప పరిచి
రూపాయిని రాతి మీద వదిలాను.
పడింది.
పడడం మాత్రం చూశాను.
కుడి చెవిలో కీచురాళ్లు.
నెలవంకా మూగదే, తామరా మూగదే.
ఎడమ చెవిలో అరిస్తే మనుషుల మాట అందేది,
వెండి మాట అందేది కాదు.

ఎవరికీ చెప్పలేదు.
తల వంచి విన్నట్టు నటించాను,
అంచులు గోటితో తడిమాను,
చూసేవాళ్లు లేనప్పుడు నాలికకు ఆనించాను.

మూడో శనివారం కుప్పమ్మ వచ్చింది,
దామలచెరువు అవతలి పల్లె.
మెట్ల సుంకానికీ, హుండీకీ చిల్లర కావాలట.
కొంగు ముడి విప్పి ఒకే ఒక రూపాయి తీసింది.
"మా ఆయన జీతం బాకీ. ఆయప్ప పోయినంక పంపినారు."
యాడ పోయినాడని అడిగాను.
"వందవాసి కాడ."
ఎవరి పక్క? వట్టం కోసమే అడిగాను.
"తెల్లోళ్ల పక్క."
"ఏ తెల్లోళ్లు?"
చాలాసేపు ఆలోచించింది.
"టోపీలు పెట్టుకుంటారే, వాళ్లు."

రూపాయి తిప్పి చూశాను.
పువ్వో, వంకో,
ఎన్ని రాత్రులు బొటనవేలితో రుద్దిందో, అరిగిపోయింది.
రాతి మీద వదిలి తల వంచాను.
ఆమె ఊపిరి బిగబట్టింది.
"చెల్లుతుందా సామీ?"

చావడి గడపలో ఇజారాదారు మనిషి
(ఎవరి మనిషో, ఆ వారం నాకు గుర్తులేదు)
నా మొహమే చూస్తున్నాడు.

"చెల్లుతుంది" అన్నాను.
"వట్టం లేకుండా."

మొదటి మెట్టుకు పసుపు రాసి ఆమె పైకి పోయింది.
పొద్దు వాలింది.
రూపాయిని మూటలో వేసి ముడి బిగించాలి.
బండివాడు కేకలేస్తున్నట్టుంది, చెయ్యి ఊపుతున్నాడు.
ఇంకొక్కసారి
రాతి మీద వదిలి చూశాను.